అంతా పైత్యమేనా?

మన ఇళ్ళల్లో పైత్యానికి వున్నంత పలుకుబడి మరే జబ్బుకూ లేదు. పొద్దున లేవగానే నోరు చేదుగా వుంటే పైత్యం. ఎండలో తిరిగివచ్చాక డోకు వస్తే పైత్యం. పెళ్ళిభోజనం అరగక వాంతి అయితే పైత్యం. తల తిరిగినా పైత్యమే, తలనొప్పి వచ్చినా పైత్యమే. చివరికి ఎవరన్నా అర్థంపర్థం లేకుండా మాట్లాడితే "వాడికి పైత్యం ముదిరింది" అంటాం. ఇన్ని పనులు ఒంటిచేత్తో చక్కబెట్టగల జబ్బు వైద్యశాస్త్రంలో నాకెక్కడా కనిపించలేదు. పిత్తానికి ఆయుర్వేదంలో ఒక లెక్కా, ఒక పద్ధతీ వున్నాయి. ఆ లెక్క తెలిసిన వైద్యుడు ఆ మాట వాడటం వేరు. మనం ఇంట్లో వాడేది మాత్రం, ఇక ఏమీ అడగనవసరం లేదని చెప్పటానికి.

నా దగ్గరికి రోజూ ఎవరో ఒకరు "కడుపులో తిప్పుతున్నది డాక్టరుగారూ, పైత్యం చేసింది, ఒక బిళ్ళ రాసివ్వండి" అంటూ వస్తారు. జబ్బు పేరూ వాళ్ళే చెబుతారు, మందూ వాళ్ళే అడుగుతారు. నాకు మిగిలేది సంతకం పెట్టటమే! నేను వెంటనే కాగితం తియ్యకుండా ప్రశ్నలు మొదలుపెడితే, "ఇంత చిన్నదానికి ఇన్ని ఆరాలా?" అన్నట్టు చూస్తారు.

కాని వికారం జబ్బు కాదు. అది ఒక కబురు. లోపల ఎక్కడో ఏదో జరుగుతున్నదనీ, కాస్త కనుక్కోమనీ శరీరం పంపే కబురు. నూటికి తొంభైసార్లు అందులో పెద్ద విశేషమేమీ వుండదు. మిగిలిన సార్లు మాత్రం ఆ కబురు విప్పి చూడకుండా పొయ్యిలో వేస్తే మనిషికే ముప్పు. ఏది ఏ రకమో పోల్చుకోవటానికి పెద్ద చదువు అక్కరలేదు. ఇంట్లోవాళ్ళు కాస్త కనిపెట్టి చూస్తే చాలు. అందుకే ఈ వ్యాసం.

నాలుగు వాకిళ్ళు

వికారమనేది కడుపులో పుడుతుందని మనం అనుకుంటాం. నిజానికి మనకు డోకు తెప్పించేది మెదడు. మెడకు పైగా, మెదడు అడుగుభాగాన, వాంతిని నడిపించే నాడీకణాల సముదాయం ఒకటి వున్నది. దానికి కబుర్లు నాలుగు వాకిళ్ళ నుంచి వస్తాయి.

మొదటి వాకిలి జీర్ణకోశం. చెడిన తిండో, విషమో, రోగక్రిములో లోపలికి పోతే పేగు గోడలోని కొన్ని కణాలు సెరొటోనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. వేగస్ అనే పొడుగాటి నరం ఆ సంగతిని మెదడుకు మోస్తుంది.

రెండోది రక్తం. రక్తంలోని పదార్థాలన్నీ మెదడులోకి చొరబడకుండా ఒక కట్టడి వున్నది. అయితే ఒకచోట ఆ కట్టడి సడలి, రక్తంలో ఏమున్నదో మెదడు రుచి చూడగలుగుతుంది. అక్కడ కాపలా కాసే ఈ స్థలం సంగతి బోరిసన్, వాంగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1950 తరువాతి సంవత్సరాలలో తేటతెల్లం చేశారు. మూత్రపిండాలు పనిచెయ్యక మాలిన్యం పేరుకున్నా, మందు మోతాదు మించినా, రక్తంలో ఆమ్లాలు పెరిగినా ఈ కాపలాదారుకు తెలిసిపోతుంది.

మూడోది చెవి. వినే భాగం కాదు. దానికి ఆనుకుని, మనిషి ఒరగకుండా, తూలకుండా చూసే భాగం.

నాలుగోది మనసు. వాసన, దృశ్యం, భయం, జ్ఞాపకం – ఇవన్నీ ఈ వాకిలి నుంచే వస్తాయి. ఎప్పుడో ఒకసారి ఉప్మా తిన్నరోజున వాంతులు పట్టుకున్నవాడు, తప్పు ఉప్మాది కాకపోయినా, ఏళ్ళతరబడి ఉప్మా పేరెత్తితే మొహం తిప్పుకుంటాడు. జాన్ గార్షియా అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ 1955లో ఎలుకలతో ఇదే రుజువు చేశారు. తియ్యని నీళ్ళు తాగే సమయంలో వాటి ఒంటికి రేడియేషన్ సోకేట్టు చేస్తే, ఆ తరువాత అవి తియ్యని నీళ్ళను దూరం పెట్టాయి. తమాషా ఏమంటే ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు. అందుకేనేమో కొత్త తిండిని కొంచెం కొరికి, ఆగి, చూసి మరీ తింటుంది. వాంతి అంటే మనకు రోత గాని, తిన్న విషాన్ని కక్కగలగటం మన అదృష్టమే.

వాంతికి ముందు నోట్లో నీళ్ళూరటం అందరికీ అనుభవమే. ఆవకాయ చూస్తే ఊరే నీళ్ళకూ వీటికీ పని వేరు. కడుపులోంచి పైకి రాబోయే ఆమ్లం పళ్ళను తినెయ్యకుండా శరీరం ముందుజాగ్రత్తగా చేసుకునే ఏర్పాటు ఇది.

నావలో పుట్టిన మాట

ఇంగ్లీషువాళ్ళు వికారాన్ని "నాసియా" అంటారు. ఆ మాట గ్రీకుభాష నుంచి వచ్చింది. గ్రీకులో "నౌస్" అంటే ఓడ. మన నావా, నౌకా ఆ మాటకు దగ్గర చుట్టాలే. సముద్రం మీద తిరిగేవాళ్ళకు వచ్చే బాధగా మొదట దీనికి ఆ పేరు పడింది. ఇంగ్లండు నౌకాదళాన్ని నడిపిన నెల్సన్ అంతటివాడికి జీవితాంతం ఓడ పడలేదు. 1831లో బీగిల్ అనే ఓడలో లోకం చుట్టివచ్చేందుకు బయలుదేరిన డార్విన్ దాదాపు అయిదేళ్ళపాటు సముద్రం పొంగినప్పుడల్లా మంచం పట్టాడు. కాబట్టి తిరుమల కొండ ఎక్కే బస్సులో మీ అమ్మాయి వాంతి చేసుకుంటే నామోషీ పడనవసరం లేదు.

కారణం ఇది: బస్సు మలుపులు తిరుగుతున్నదని చెవి చెబుతుంది. ముందు సీటు వెనకభాగాన్నే చూస్తున్న కన్ను "ఏమీ కదలటంలేదే!" అంటుంది. ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెప్పేసరికి మెదడు తికమకపడుతుంది. కనుక కన్నూ చెవీ ఒకే మాట చెప్పేట్టు చెయ్యటమే వైద్యం. ముందు సీట్లో కూచుని దూరాన వున్న కొండనో, రోడ్డునో చూడాలి. పుస్తకం గాని, సెల్‌ఫోను గాని చూడకూడదు. కడుపు ఖాళీగానూ వుండకూడదు, నిండుగానూ వుండకూడదు. ప్రయాణం మందులు వాంతి మొదలయ్యాక మింగితే దండగ. బయలుదేరటానికి ముందే వేసుకోవాలి.

ఈ మందులలో ఒకటి దొరికిన తీరు ముచ్చటగా వుంటుంది. 1947లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో, దద్దుర్లతో బాధపడే ఒక గర్భవతికి డైమెన్‌హైడ్రినేట్ అనే మందు ఇచ్చి చూశారు. ట్రాంబండి ఎక్కితే వాంతులయ్యే తనకు ఆ మందు వేసుకున్న రోజున ఆ బాధ లేదని ఆవిడ డాక్టర్లకు చెప్పింది. చెప్పిన మాట శ్రద్ధగా విన్నారు గనక లోకానికి ఒక మందు దక్కింది.

వేవిళ్ళు

గర్భం దాల్చిన స్త్రీలలో నూటికి డెబ్భైమందికి పైగా ఎంతో కొంత వికారపడతారు. సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై, మూడు నాలుగు నెలలు నిండేసరికి తగ్గిపోతుంది. పొద్దుటిపూటే వస్తుందని అంటారుగాని, రోజంతా వుండేవాళ్ళే ఎక్కువ.

"మా కాలంలో మేము పడలేదా? పనికి బద్ధకించి పడుకుంటున్నది" అని అత్తగారు అనటం నేను విన్నాను. తరాలతరబడి ఇలాంటి మాటలు పడిన ఆడవాళ్ళకు 2023లో కొంత న్యాయం జరిగింది. కడుపులోని బిడ్డవైపు నుంచి, మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చే జి.డి.ఎఫ్.15 అనే హార్మోనే ఈ వికారానికి ముఖ్యకారణమని ఆ సంవత్సరం డిసెంబరులో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. గర్భానికి ముందు ఆ హార్మోను తక్కువగా వున్న స్త్రీ శరీరం దానికి అలవాటు పడి వుండదు. అది ఒక్కసారిగా పెరిగేసరికి తట్టుకోలేదు. కాబట్టి ఒకరికి తక్కువగా, ఒకరికి ఎక్కువగా రావటం వాళ్ళ ఓర్పును బట్టి కాదు, వాళ్ళ రక్తాన్ని బట్టి.

కొద్దిమందికి ఇది ముదురుతుంది. మంచినీళ్ళు కూడా నిలవవు. బరువు నూటికి అయిదు పాళ్ళకు మించి తగ్గుతుంది, మూత్రం తగ్గి చిక్కబడుతుంది. ఇది వేవిళ్ళని ఊరుకోవలసింది కాదు. ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించవలసిన జబ్బు.

ఇక మందు సంగతి. పశ్చిమజర్మనీలో 1957లో థాలిడోమైడ్ అనే మందు అమ్మకానికి వచ్చింది. నిద్ర పట్టటానికీ, వేవిళ్ళకూ కూడా హాయిగా వాడుకోవచ్చునన్నారు. 1961 నవంబరులో అక్కడ దాన్ని అంగళ్ళ నుంచి తీసివేసేలోగా, అనేక దేశాల్లో కలిపి పదివేలకు పైగా పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే వైద్యాధికారిణి ఆధారాలు చాలవంటూ దానికి అనుమతి ఇవ్వకపోవటంవల్ల అక్కడ చాలామంది బిడ్డలు బయటపడ్డారు. గర్భవతికి అంగడివాడు ఇచ్చిన బిళ్ళ వెయ్యవద్దని మేము మొత్తుకునేది ఇందుకే. అంతమాత్రాన ఏ మందూ పనికిరాదని కాదు. డాక్సిలమీన్, బి6 విటమిన్ కలిసిన బిళ్ళ ఎన్నో ఏళ్ళుగా వాడుకలో వున్నది, బిడ్డకు హాని లేదని తేలింది. డాక్టరు చెప్పినట్టు వాడుకుంటే తల్లి బాధ పడనవసరం లేదు.

కడుపుది కాని కబురు

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ భాగమే. కడుపులో తిప్పుతున్నదంటే జబ్బు కడుపులోనే వుండాలన్న నియమమేమీ లేదు.

రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, అరవై దాటినవాడు, మధుమేహం వున్నవాడు, ఒకనాటి తెల్లవారుజామున వికారంగా వున్నదని లేచి కూచున్నాడు. ఛాతీలో నొప్పి లేదు. "రాత్రి తిన్న పెసరట్టు పడలేదు, కాస్త సోడా ఇయ్యి" అన్నాడు. ఆయన భార్య సోడా ఇవ్వలేదు. "ముప్ఫై ఏళ్ళుగా ఈయన పైత్యం నేనెరుగుదును డాక్టరుగారూ! ఎప్పుడూ ఇలా చెమటలు పట్టలేదు. చొక్కా పిండితే నీళ్ళు కారేట్టున్నాయి. మొహం పాలిపోయింది" అని తరువాత నాతో చెప్పింది. ఆవిడ ఆయన కోప్పడుతున్నా వినకుండా 108కి ఫోను చేసింది. ఇ.సి.జి. తీస్తే గుండెపోటు!

గుండె అడుగుభాగం పొట్టకు పైన వుండే పొర మీదనే ఆనుకుని వుంటుంది. అక్కడ రక్తం అందకపోతే ఆ బాధను మెదడు కడుపు బాధగా పొరపడవచ్చు. మధుమేహం వున్నవాళ్ళలో, వయసు మళ్ళినవాళ్ళలో, స్త్రీలలో గుండెపోటు ఇలా నొప్పి లేకుండా, వికారంతో, ఆయాసంతో, చెమటతో, విపరీతమైన నిస్సత్తువతో రావటం మరీ ఎక్కువ. హెడ్మాస్టరుగారు గంటలోపల ఆస్పత్రి చేరాడు, బతికి బట్టకట్టాడు. సోడా తాగి పడుకుని వుంటే ఏమయ్యేదో వేరే చెప్పాలా? ఆవిడ వైద్యం చదువుకోలేదు. ఎప్పుడూ వుండేదానికీ, ఈసారి వున్నదానికీ తేడా చూసింది, అంతే.

మరొకసారి పదకొండేళ్ళ పిల్లవాణ్ణి తీసుకువచ్చారు. మూడురోజులుగా వాంతులు, కడుపునొప్పి. నులిపురుగులని మందు వేశారు. దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తీశారు. "ఈమధ్య నీళ్ళు ఎక్కువగా తాగుతున్నాడా?" అని అడిగాను. తల్లి తెల్లబోయి, "చెంబులకు చెంబులు తాగుతున్నాడండీ. ఇంత పిల్లవాడు మళ్ళీ పక్క తడుపుతున్నాడు" అన్నది. పిల్లవాడు ఎగశ్వాసగా వున్నాడు. ఊపిరి మిగలమగ్గిన పండు వాసన వేస్తున్నది. వేలు గుచ్చి చూస్తే చక్కెర నాలుగు వందలు దాటింది. ఒంట్లో ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయాయి. ఆ ఆమ్లాల వల్లనే వాంతులు! 1921లో టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితియ్యకముందు ఇలాంటి పిల్లలు బతికేవాళ్ళు కారు. ఈ పిల్లవాడు ఇన్సులిన్ తీసుకుంటూ ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు.

పైత్యపు తలనొప్పి అనేదొకటి మన ఇళ్ళల్లో మహా ప్రసిద్ధం. అందులో చాలాభాగం మైగ్రేను. ఒక పక్క తలపోటు, వెలుతురు పడకపోవటం, డోకు, వాంతి అయ్యాక కొంత సుఖం. కాని పెద్దవయసు మనిషికి ఉన్నట్టుండి తలపోటూ, వాంతులూ వస్తే కన్ను చూడండి. కన్ను ఎర్రబడి నొప్పిపెడుతున్నా, చూపు మసకబారినా, దీపం చుట్టూ రంగుల వలయం కనిపిస్తున్నా, అది కంటిలో ఒత్తిడి హఠాత్తుగా పెరగటం కావచ్చు. మనవాళ్ళు నీటికాసులు అనే జబ్బులో ఇది ఒక రకం. గంటలలో వైద్యం జరగకపోతే చూపు పోతుంది. తెల్లవారనిద్దామని అమృతాంజనం రాసి పడుకోబెట్టటానికి వీలులేదు.

నెమ్మదిగా వచ్చే కబుర్లూ కొన్ని వున్నాయి. కొన్నాళ్ళుగా అన్నం సయించక, పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు ఓకరింతలు వస్తూ, పాదాలకు నీరు దిగుతూ వుంటే మూత్రపిండాల పరీక్ష చేయించాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు ఇళ్ళల్లో ఈ సంగతి ఒకరు చెప్పనవసరం లేదు. అక్కడ మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. పచ్చకామెర్లు కూడా కళ్ళు పచ్చబడటానికి కొన్నిరోజుల ముందే తిండి మీద రోతగా మొదలవుతాయి. సిగరెట్టు లేనిదే తెల్లవారనివాడు సిగరెట్టు వాసన పడటంలేదంటే అతని భార్య సంతోషించటంతో ఆగక, మూత్రం రంగు కూడా కనుక్కోవాలి.

ఏది ముందు, ఏది తరువాత అన్నది కూడా ముఖ్యమే. చెడుతిండి తిన్నవాడికి సాధారణంగా వాంతి ముందు, కడుపునొప్పి తరువాత. బొడ్డు దగ్గర నొప్పి ముందు మొదలై, ఆ తరువాత డోకు వచ్చి, నొప్పి పొట్టకు కుడివైపు కిందికి జరిగితే అపెండిసైటిస్ అని అనుమానించాలి.

మందే కారణమైతే

కొత్తగా వికారం మొదలైనవాళ్ళను నేను అడిగే మొదటి ప్రశ్న, "ఈమధ్య కొత్త మందు ఏమన్నా మొదలుపెట్టారా?" అని. చక్కెరజబ్బుకు వాడే మెట్‌ఫార్మిన్, ఇనుము బిళ్ళలు, నొప్పుల బిళ్ళలు, కొన్ని యాంటీబయాటిక్కులు, ఈమధ్య బరువు తగ్గటానికి పొడిపించుకుంటున్న ఇంజక్షన్లు – అన్నీ వికారం కలిగించగలవే. గుండెజబ్బుకు వాడే డిజాక్సిన్ విషయంలో మరీ జాగ్రత్త కావాలి. అది మోతాదు మించినదనటానికి వికారం ఒక తొలిగుర్తు. చాలా మందుల విషయంలో అన్నం తిన్నాక వేసుకోవటం, మోతాదు మెల్లగా పెంచటం సరిపోతుంది. ఎవరికి వారు మానెయ్యటం మాత్రం కూడదు.

ఇంట్లో చెయ్యదగ్గవి

మామూలు అజీర్తి, చెడుతిండి వల్ల వచ్చే వాంతులు ఒకటి రెండు రోజులలో వాటంతట అవే తగ్గుతాయి. అందాకా తిండి కోసం బలవంతపెట్టకండి గాని నీళ్ళు ఆపకండి. వాంతి అయిన పది పదిహేను నిమిషాలకు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. దాహమని గ్లాసెడు ఒక్కసారి తాగితే మళ్ళీ బయటికి వస్తుంది. ఓ.ఆర్.ఎస్. పొడి అన్నిటికన్నా మంచిది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పూ చక్కెరా కలిసిన నీళ్ళతోనే వేలమందిని కాపాడాడు. పొడి దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలుపుకోవచ్చు.

అల్లం వికారాన్ని కొంత తగ్గిస్తుందన్న మన పెద్దల మాటను పరీక్షలు కూడా చాలావరకు బలపరిచాయి. వాంతి అయ్యాక నోరు నీళ్ళతో పుక్కిలించండి. వెంటనే పళ్ళు తోమితే ఆమ్లం తగిలిన పళ్ళు అరుగుతాయి. మగతగా వున్న మనిషిని వెల్లకిలా కాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాంతి బిళ్ళలను పిల్లలకు మీ అంతట మీరు వెయ్యకండి. మెటోక్లోప్రమైడ్ వంటి మందు కొందరు పిల్లలకు మెడ ఒకపక్కకు లాగేసి, కళ్ళు పైకి తేలేట్టు చేస్తుంది. చూసినవాళ్ళ గుండెలు జారిపోతాయి.

ఆదివారం లేని డోకు సోమవారం బడివేళకు వచ్చే పిల్లలున్నారు. వాళ్ళను దొంగవేషాలని కొట్టకండి. నాలుగో వాకిలి నుంచి వచ్చే వికారం కూడా నిజమైన వికారమే. బడిలో వాణ్ణి భయపెడుతున్నదేమిటో మెల్లగా అడగండి.

వాంతిలో నెత్తురు గాని, కాఫీపొడి వంటి నల్లటి నలుసులు గాని, పచ్చటి పసరు గాని కనిపించినా. తల మీద దెబ్బ తగిలాక వాంతులు మొదలైనా. విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకోవటం, మగత తోడైనా. కడుపు ఉబ్బి, విరేచనం, అపానవాయువు రెండూ ఆగిపోయినా. ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా. ఛాతీ బరువు, చెమట, ఆయాసం కలిసి వచ్చినా – చిట్కాలు పక్కన పెట్టి ఆస్పత్రికి బయలుదేరండి. చంటిపిల్లల విషయంలో మరీ త్వరపడాలి.

మిగిలిన సందర్భాలలో, పైత్యం అని తీర్పు చెప్పేముందు నాలుగు ప్రశ్నలు వెయ్యండి. ఎప్పుడు మొదలైంది? దేని తరువాత వచ్చింది? తోడుగా ఇంకేమున్నది? ఎప్పుడూ వచ్చేలాగే వున్నదా, ఈసారి తేడాగా వున్నదా? జవాబులు ఒక కాగితం మీద రాసుకుని, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నాడి చూసి నేను అరగంటలో తెలుసుకోలేనిది, రోగి పక్కన రాత్రంతా కూచున్న మనిషి ఒక్క మాటలో చెప్పగలుగుతుంది.